బ్రిటన్, అమెరికా ప్రభుత్వం, చరిత్ర, చదువు: తరచుగా అడిగే ప్రశ్నలు

పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, పిల్లల్ని పైచదువులకు పంపినవాళ్లు, కొత్తగా అక్కడ కాపురం పెట్టినవాళ్లు పదే పదే అడిగే సందేహాలివి. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టొచ్చు.

## మొదట్లోనే తికమక పెట్టేవి

ఇంగ్లండ్, బ్రిటన్, యూకే మూడూ ఒకటేనా?

కాదు. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ ఉన్న దీవి పేరు గ్రేట్ బ్రిటన్. దానికి ఉత్తర ఐర్లండ్ కలిస్తే యునైటెడ్ కింగ్‌డమ్, అంటే యూకే. ఇంగ్లండ్‌లో వేల్స్‌ను 1536, 1542 చట్టాలతో కలుపుకున్నారు. 1707లో స్కాట్లండ్, 1801లో ఐర్లండ్ వచ్చి చేరాయి. 1922లో ఐర్లండ్‌లో ఎక్కువ భాగం విడిపోగా, ఉత్తరపు ముక్క మాత్రం ఉండిపోయింది.

పాస్‌పోర్టు, వీసా, సైన్యం యూకే మొత్తానికీ ఒకటే. బడి చదువు, ఆసుపత్రులు మాత్రం ఎక్కడివక్కడే. స్కాట్లండ్‌కైతే న్యాయవ్యవస్థ కూడా వేరు. 1999 నుంచి స్కాట్లండ్‌కు, వేల్స్‌కు సొంత చట్టసభలున్నాయి. 1998 శాంతి ఒప్పందంతో ఉత్తర ఐర్లండ్‌కూ వచ్చింది. విచిత్రం ఏమిటంటే ఇంగ్లండ్‌కు విడిగా చట్టసభే లేదు. ఎడిన్‌బరోలో ఉన్నాయన్ని పట్టుకుని ‘ఇంగ్లిషువాడు’ అనకండి. దక్షిణాది వాళ్లందరినీ ‘మద్రాసీ’ అంటే మనకెలా ఉంటుందో ఆయనకూ అలాగే ఉంటుంది.

బ్రిటన్‌కు రాజ్యాంగమే లేదంటారు. మరి దేశం ఎలా నడుస్తోంది?

రాజ్యాంగం ఉంది. ఒకే పుస్తకంగా కుట్టి లేదు, అంతే. 1215 నాటి మాగ్నా కార్టా, 1689 హక్కుల చట్టం, 1701 వారసత్వ చట్టం, 1911, 1949 పార్లమెంటు చట్టాలు, 1998 మానవ హక్కుల చట్టం లాంటివి కొన్ని. కోర్టు తీర్పులు కొన్ని. మిగతాదంతా ఆనవాయితీ. పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ విశ్వాసం పోయిన ప్రధాని దిగిపోవాలన్నది అలాంటి ఆనవాయితీయే.

దీనివల్ల ముఖ్యమైన తేడా ఒకటి వస్తుంది. రాజ్యాంగ స్థాయి చట్టాన్ని మార్చడానికి కూడా అక్కడ మూడింట రెండొంతుల మెజారిటీ అక్కర్లేదు, మామూలు మెజారిటీ చాలు. 2011లో ఎన్నికల తేదీలను స్థిరం చేస్తూ తెచ్చిన చట్టాన్ని 2022లో మామూలు బిల్లుతోనే తీసేశారు. అడ్డుపడేది చట్టం కాదు, ‘ఇలా చేస్తే జనం ఊరుకోరు’ అన్న భయమే.

అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో చట్టం ఎందుకు?

రాష్ట్రాలు ముందు పుట్టాయి, కేంద్రం తర్వాత వచ్చింది. లండన్ పెత్తనంతో విసిగిపోయిన పదమూడు వలసలు తమ అధికారంలో కొంత మాత్రమే కొత్త ప్రభుత్వానికి ఇచ్చాయి. ఇవ్వనివన్నీ రాష్ట్రాలవి, ప్రజలవి అని 1791 నాటి పదో సవరణ చెబుతుంది. మన రాజ్యాంగంలో జాబితాలకెక్కని అధికారం కేంద్రానికి పోతుంది, అక్కడ దానికి తలకిందులు. అందుకే పెళ్లి, విడాకులు, డ్రైవింగ్ లైసెన్సు, బడులు, చాలా నేరాలకు శిక్షలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. టెక్సాస్‌లో ఉండే బంధువు చెప్పిన నియమం న్యూజెర్సీలో చెల్లుతుందనుకోవద్దు.

అమెరికా గవర్నర్ మన గవర్నర్ లాంటివారేనా?

పేరే ఒకటి, పని వేరు. అక్కడ గవర్నర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు, మన ముఖ్యమంత్రి చేసే పని చేస్తారు. 48 రాష్ట్రాల్లో పదవీకాలం నాలుగేళ్లు, న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్‌లలో రెండేళ్లే. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ (ఉప గవర్నర్) అయ్యారు. హైదరాబాద్‌లోనే పుట్టిన గజాలా హష్మీ 2025 నవంబరులో వర్జీనియాలో అదే పదవికి గెలిచారు. పుట్టుకతో అమెరికన్ అయి ఉండాలన్న షరతు అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులకే.

అక్కడి ‘సెక్రటరీ’ మంత్రా, అధికారా?

శాఖకు పెద్ద అయిన సెక్రటరీ మంత్రితో సమానం, కానీ చట్టసభ సభ్యుడు కాడు. అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లో ఉంటూ ప్రభుత్వ పదవి చేపట్టడాన్ని అమెరికా రాజ్యాంగం నిషేధించింది. బ్రిటన్‌లో సరిగ్గా దీనికి ఎదురు, మంత్రి ఏదో ఒక సభలో ఉండాలి. ఎంపీ కాని డేవిడ్ కామెరాన్‌ను 2023 నవంబరులో విదేశాంగ మంత్రిని చేయాలనుకున్నప్పుడు ముందు ఎగువ సభ అయిన లార్డ్స్‌లో సభ్యుణ్ణి చేయాల్సి వచ్చింది.

## వార్తలు చదివేటప్పుడు

రాజు సంతకం పెట్టనంటే బిల్లు ఆగిపోతుందా?

కాగితం మీద ఆగిపోవాలి. కానీ ఏ రాజూ రాణీ బిల్లును తిప్పి పంపి మూడు వందల ఏళ్లు దాటింది. 1708లో రాణి యాన్ స్కాట్లండ్ సైనిక దళాల బిల్లును నిరాకరించడమే చివరిసారి, అదీ మంత్రుల సలహా మీదే. ఇప్పటి రాజు మూడో చార్లెస్ ఏటా పార్లమెంటులో చదివే ప్రసంగాన్ని కూడా ప్రభుత్వమే రాసిస్తుంది. ఈ విషయంలో మన రాష్ట్రపతి, గవర్నర్ల ప్రసంగాలకు మూలం అక్కడే.

ఎన్నికలు లేకుండానే బ్రిటన్ ప్రధాని ఎలా మారిపోతారు?

జనం ఎన్నుకునేది తమ ఎంపీని, ప్రధానిని కాదు. మెజారిటీ ఉన్న పార్టీ నాయకుణ్ణి మార్చుకుంటే ప్రధాని మారతారు. 2022లో బోరిస్ జాన్సన్ పోయి లిజ్ ట్రస్ వచ్చారు, ఆమె ఏడు వారాలకే దిగిపోతే రిషి సునాక్ వచ్చారు. ఒకే ఏడాది ముగ్గురు ప్రధానులు, సాధారణ ఎన్నిక ఒక్కటీ లేదు. పార్లమెంటు గడువు అయిదేళ్లు, ఆలోపు ఎప్పుడు ఎన్నికలు కోరాలన్నది ప్రధాని ఇష్టం.

మూడోవంతు ఓట్లతో అంత భారీ మెజారిటీ ఎలా వచ్చింది?

2024 జులై 4న లేబర్ పార్టీకి పడ్డ ఓట్లు దాదాపు 34 శాతం, వచ్చిన సీట్లు 411. మొత్తం సీట్లు 650. మన దగ్గరున్న పద్ధతే అక్కడిదీ: నియోజకవర్గంలో అందరికంటే ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు, సగం దాటనక్కర్లేదు. ప్రత్యర్థుల ఓటు చీలితే 30 శాతంతో కూడా గట్టెక్కుతారు. అదే ఎన్నికలో రిఫార్మ్ పార్టీకి 14 శాతం ఓట్లు పడితే సీట్లు అయిదే. లిబరల్ డెమోక్రాట్లకు 12 శాతానికే 72 వచ్చాయి, ఎందుకంటే వాళ్ల ఓటు కొన్ని చోట్లే గుంపుగా ఉంది.

లెక్కల్లో ఇంకో మెలిక. మెజారిటీకి 326 అని రాస్తారు గానీ, స్పీకర్, ఆయన ఉప స్పీకర్లు ఓటు వేయరు, ఉత్తర ఐర్లండ్‌కు చెందిన షిన్ ఫేన్ ఎంపీలు లండన్‌లో అసలు ప్రమాణమే చేయరు. కాబట్టి సభలో నిజంగా కావాల్సిన సంఖ్య అంతకంటే తక్కువ.

లార్డ్స్ సభను జనం ఎన్నుకోరు కదా, దానికి బిల్లు ఆపే శక్తి ఉందా?

ఆపలేదు, ఆలస్యం చేయగలదు. మామూలు బిల్లును సుమారు ఏడాది, డబ్బు బిల్లును ఒక నెల. 1909 బడ్జెట్‌ను లార్డ్స్ తిరస్కరించిన గొడవలోంచే 1911 చట్టం పుట్టి దాని కోరలు పీకింది. గెలిచిన పార్టీ మ్యానిఫెస్టోలో ఉన్న హామీని లార్డ్స్ అడ్డుకోకూడదన్నది ఒక ఆనవాయితీ. ఆ సభ అసలు ఉపయోగం సవరణల్లో ఉంది: కామన్స్ హడావిడిగా పంపిన బిల్లులో తప్పులు ఏరేది అక్కడే.

అమెరికాలో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లు ఎలా ఓడిపోతారు?

అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది రాష్ట్రాల తరఫున ఓటు వేసే 538 మంది ఎలక్టర్లు, గెలవడానికి 270 కావాలి. ఒక్కో రాష్ట్రానికి కాంగ్రెస్ దిగువ సభ అయిన ప్రతినిధుల సభలో ఎంతమంది ఉంటారో అంతమంది, వాళ్లకు తోడు ఇద్దరు సెనెటర్లు కలిపి లెక్క. రాజధాని వాషింగ్టన్‌కు 1961 సవరణతో మూడు. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా రాష్ట్రాలన్నింటిలో ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినా ఎలక్టర్లందరూ ఆ అభ్యర్థికే. కాబట్టి కాలిఫోర్నియాలో లక్షల ఆధిక్యం తెచ్చుకున్నా, ఒక్క ఓటుతో గెలిచినా దక్కేది ఒకటే.

2000లో అల్ గోర్‌కు దేశం మొత్తం మీద 5 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చాయి. ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో పదవే పోయింది. 2016లో హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షలకు పైగా ఆధిక్యం ఉండీ ఓడిపోయారు. 269–269తో సమానమైతే ప్రతినిధుల సభ తేలుస్తుంది. అక్కడ సభ్యుడికి ఒక ఓటు కాదు, రాష్ట్రానికి ఒక ఓటు, 26 రాష్ట్రాలు కావాలి.

తేదీల వరుస ఇది: నవంబరులో మొదటి సోమవారం తర్వాత వచ్చే మంగళవారం పోలింగ్, డిసెంబరులో ఎలక్టర్ల ఓటు, జనవరి 6న కాంగ్రెస్‌లో లెక్కింపు, జనవరి 20న ప్రమాణం. నవంబరు రాత్రి టీవీలు ప్రకటించేది అంచనాయే, అధికారిక ఫలితం కాదు.

సెనెట్‌లో 51 మంది ఉన్నా బిల్లు ఎందుకు గట్టెక్కదు?

సెనెట్ అంటే వంద మంది ఉండే కాంగ్రెస్ ఎగువ సభ. బిల్లు నెగ్గడానికి మామూలు మెజారిటీ చాలు. చర్చ ముగించి ఓటింగ్‌కు పెట్టడానికే 60 కావాలి. ఇది రాజ్యాంగంలో లేదు, సెనెట్ తనకు తాను పెట్టుకున్న నియమం. జడ్జీల నియామకాలకు 2013, 2017లలో దీన్ని సడలించారు. బడ్జెట్‌కు సంబంధించిన ఒక ప్రత్యేక పద్ధతిలో వచ్చే బిల్లులకూ ఇది వర్తించదు, అందుకే పెద్ద పన్ను చట్టాలన్నీ ఆ దారిలోనే వస్తుంటాయి.

షట్‌డౌన్ అంటే ప్రభుత్వం పడిపోయినట్టా? వీసా పనులు ఆగుతాయా?

పడిపోదు. మన దగ్గరా బ్రిటన్‌లోనూ బడ్జెట్ ఓడితే ప్రభుత్వమే పోతుంది. అమెరికాలో అధ్యక్షుడి పదవికీ బడ్జెట్‌కూ లంకె లేదు. ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది, ఆలోపు కాంగ్రెస్ ఖర్చు బిల్లులు ఆమోదించకపోతే నిధులు లేని శాఖలు తలుపులు మూస్తాయి. సైనికులు, విమానాశ్రయ భద్రతా సిబ్బంది లాంటివాళ్లు జీతం చేతికందకుండానే పనిచేస్తారు. 2018–19లో 35 రోజులు, 2025లో అక్టోబరు 1 నుంచి 43 రోజులు ఇలాగే నడిచింది.

వీసాల విషయంలో ఏ కార్యాలయం దేని మీద నడుస్తుందో చూడాలి. హెచ్-1బీ, గ్రీన్‌కార్డు దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ ప్రధానంగా మనం కట్టే రుసుముల మీద నడుస్తుంది, కాబట్టి తెరిచే ఉంటుంది. కాన్సులేట్ల వీసా పని కూడా రుసుముల మీదే కనుక వెంటనే ఆగదు. చిక్కంతా కార్మిక శాఖ దగ్గర. దానికి నిధులు ఆగితే హెచ్-1బీకి ముందు కంపెనీ తెచ్చుకోవాల్సిన ఎల్‌సీఏ అనుమతి, గ్రీన్‌కార్డుకు ముందు తెచ్చుకోవాల్సిన పెర్మ్ అనుమతి రెండూ ఆగుతాయి. 2025లో అదే జరిగింది. గడువు దగ్గరపడినవాళ్లు సెప్టెంబరు నెలాఖరులోపే ఎల్‌సీఏ తీసి పెట్టుకోవడం మంచిది.

అభిశంసన జరిగితే అధ్యక్షుడి పదవి పోయినట్టేనా?

లేదు. ప్రతినిధుల సభ చేసేది అభియోగం మోపడమే, దానికి మామూలు మెజారిటీ చాలు. విచారణ సెనెట్‌ది. మూడింట రెండొంతుల మంది దోషి అంటేనే పదవి పోతుంది. 1868లో ఆండ్రూ జాన్సన్, 1998లో బిల్ క్లింటన్, 2019లోనూ 2021లోనూ డొనాల్డ్ ట్రంప్ అభిశంసనకు గురయ్యారు, సెనెట్‌లో ఒక్కరూ దోషిగా తేలలేదు. నిక్సన్‌ది వేరే కథ, సభ ఓటింగ్‌కు రాకముందే 1974లో రాజీనామా చేశారు.

రెండు దేశాల సుప్రీంకోర్టులకు ఒకే రకం అధికారం ఉందా?

లేదు. పార్లమెంటు చేసిన చట్టాన్ని బ్రిటన్ సుప్రీంకోర్టు కొట్టేయలేదు. మానవ హక్కులకు పొసగడం లేదని ప్రకటించగలదు, మార్చాలా వద్దా అన్నది మళ్లీ పార్లమెంటు చేతిలోనే. ప్రభుత్వం చేసిన పనిని మాత్రం తప్పుపట్టగలదు. 2019లో పార్లమెంటును అయిదు వారాలు మూసి ఉంచాలన్న నిర్ణయం చెల్లదని 11 మంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు. ఆ కోర్టు పుట్టిందే 2009లో, అంతకుముందు ఆ పని లార్డ్స్ సభలోని న్యాయమూర్తులు చేసేవారు.

అమెరికా కోర్టు 1803 నుంచీ చట్టాలు కొట్టేస్తూనే ఉంది. తొమ్మిది మంది జడ్జీలకు పదవీ విరమణ వయసు లేదు. అందుకే ఒక్క ఖాళీ వస్తే దేశం ఊగిపోతుంది.

## చరిత్ర దగ్గర ఆగినప్పుడు

ఏ సంవత్సరాలు గుర్తుపెట్టుకుంటే మిగతాది అల్లుకుంటుంది?

బ్రిటన్‌కు: 1066 నార్మన్ల విజయం, 1215 రాజు అధికారానికి మొదటి హద్దు, 1649 మొదటి చార్లెస్ శిరచ్ఛేదం, 1688–89 పార్లమెంటుదే పైచేయి అని తేలడం, 1832 ఓటు హక్కు విస్తరణకు తొలి అడుగు, 1928 స్త్రీలకూ పురుషులకూ సమానంగా ఓటు.

అమెరికాకు: 1607 తొలి శాశ్వత ఇంగ్లిషు వలస జేమ్స్‌టౌన్, 1776 స్వాతంత్ర్య ప్రకటన, 1787 రాజ్యాంగ రచన, 1861–65 అంతర్యుద్ధం, 1920 స్త్రీలకు ఓటు, 1964–65 పౌర హక్కుల, ఓటు హక్కుల చట్టాలు. పరీక్షల్లో చాలామంది 1776నూ 1787నూ కలిపేస్తారు. మొదటిది విడిపోతున్నామన్న ప్రకటన. రెండోది, మధ్యలో పెట్టుకున్న బలహీనమైన ఒప్పందం పనిచేయక కొత్తగా రాసుకున్నది. ఆ ఒప్పందం కింద కేంద్రానికి పన్ను వేసే అధికారం కూడా లేదు.

బోస్టన్‌లో టీ పారబోసిన గొడవకూ మన దేశానికీ సంబంధం ఉందా?

చాలా ఉంది. 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో నీళ్లపాలైన 342 పెట్టెల టీ ఈస్టిండియా కంపెనీదే. టీ చైనాలో పండింది, అప్పుల్లో మునిగిన కంపెనీని గట్టెక్కించడానికి దాన్ని నేరుగా అమెరికాలో అమ్ముకోనిస్తూ లండన్ చట్టం చేసింది. ధర తగ్గింది, పన్ను మాత్రం ఉంచారు. ‘మా ప్రతినిధి లేని సభ మాకు పన్ను ఎలా వేస్తుంది’ అన్నదే వలసల పేచీ, ధర కాదు.

ఆ కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. 1765–66లో మొగలు చక్రవర్తి ఫర్మానా, నిజాంతో ఒప్పందం ద్వారా ఉత్తర సర్కారులను చేజిక్కించుకుంది. కంపెనీ పాలనకు ముకుతాడు వేసిన రెగ్యులేటింగ్ చట్టం కూడా 1773దే. ఇంకో ముడి చూడండి: 1781లో యార్క్‌టౌన్ దగ్గర అమెరికన్లకు లొంగిపోయిన సేనాని కార్న్‌వాలిస్ 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. ఆయన బెంగాల్లో 1793లో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతే 1802 నుంచి సర్కారు జిల్లాల్లోకి వచ్చి జమీందారీలకు పునాది వేసింది.

అందరూ సమానమని 1776లో రాసినవాళ్లు బానిసత్వాన్ని ఎలా ఉంచారు?

తెలిసే ఉంచారు. దక్షిణాది రాష్ట్రాలు లేకుండా సమాఖ్య నిలవదన్న లెక్క అది. 1787 రాజ్యాంగంలో ‘బానిస’ అన్న మాట రాకుండా జాగ్రత్తపడి, సభలో సీట్ల కోసం మాత్రం ప్రతి అయిదుగురు బానిసలనూ ముగ్గురిగా లెక్కించారు. ఓటు లేని మనుషుల పేరు మీద యజమానులకు ఎక్కువ సీట్లు, ఎక్కువ ఎలక్టర్లు దక్కారు. అంతర్యుద్ధం తర్వాత 1865, 1868, 1870 సవరణలు బానిసత్వాన్ని తీసేసి పౌరసత్వం, ఓటు ఇచ్చాయి. కానీ దక్షిణాది రాష్ట్రాలు అక్షరాస్యత పరీక్షలు, ఓటు పన్ను పెట్టి ఆ ఓటును దాదాపు వందేళ్లు తొక్కిపెట్టాయి. బడుల్లో వేర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు 1954లో గానీ చెప్పలేదు.

మనవాళ్లు అమెరికాకు ఎప్పుడు, ఎలా వెళ్లగలిగారు?

1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు ‘శ్వేతజాతీయులు’ కారు కాబట్టి పౌరసత్వానికి అనర్హులని సుప్రీంకోర్టు తేల్చింది. 1946 చట్టం పౌరసత్వం తెరిచినా ఏడాదికి వంద మందికే వలస అవకాశం ఇచ్చింది. అసలు తలుపు తెరిచింది 1965 చట్టం: జాతి కోటాలు పోయి, చదువూ నైపుణ్యమూ కుటుంబ బంధమూ ప్రాతిపదిక అయ్యాయి. తెలుగు డాక్టర్లు, ఇంజనీర్ల తొలి తరం వెళ్లింది దాని పుణ్యానే. దేశానికి ఏడు శాతమన్న నేటి గ్రీన్‌కార్డు పరిమితి 1990 చట్టంలోది.

## పిల్లల బడి

ఇంగ్లండ్‌లో పబ్లిక్ స్కూల్ అంటే ప్రభుత్వ బడి కాదా?

కాదు, ఖరీదైన ప్రైవేటు బడి. ఈటన్ (1440), వించెస్టర్ (1382) లాంటివి. ఊరితో, మతశాఖతో నిమిత్తం లేకుండా ఫీజు కట్టగల ఎవరినైనా చేర్చుకునేవి కాబట్టి ఆ పేరొచ్చింది. ప్రభుత్వ బడిని స్టేట్ స్కూల్ అంటారు. అమెరికాలో పబ్లిక్ స్కూల్ అంటే నిజంగానే ప్రభుత్వ బడి.

మా పాప ఇక్కడ అయిదో తరగతి. అక్కడ ఏ తరగతిలో వేస్తారు?

ఇంగ్లండ్‌లో వయసే కొలమానం, మార్కులు కాదు. ఆగస్టు 31 నాటికి అయిదేళ్లు నిండిన పిల్లలు ఇయర్ 1, పదేళ్లు నిండినవాళ్లు ఇయర్ 6. అమెరికా గ్రేడ్‌కు ఒకటి కలిపితే ఇంగ్లండ్ ఇయర్ వస్తుంది. ‘మా పాప తెలివైంది, ఒక తరగతి పైన వేయండి’ అని వాదించి లాభం లేదు. స్కాట్లండ్ లెక్క వేరు. అమెరికాలో కటాఫ్ తేదీ రాష్ట్రాన్ని, కొన్నిచోట్ల స్కూల్ డిస్ట్రిక్టును బట్టి మారుతుంది.

ఇంగ్లండ్‌లో సీటుకు ఎప్పుడు, ఎలా దరఖాస్తు పెట్టాలి?

బడికి కాదు, మీరుండే కౌన్సిల్‌కు, అంటే స్థానిక పాలక సంస్థకు. సెకండరీకి అక్టోబరు 31, ప్రైమరీకి జనవరి 15 గడువు. ఫలితాలు మార్చి 1, ఏప్రిల్ 16 ప్రాంతంలో వస్తాయి. ఫారంలో కనీసం మూడు బడులు రాసే వీలుంటుంది, అన్నీ రాయండి. ఒక్క బడి పేరే రాస్తే తప్పక ఇస్తారనుకుని చాలామంది దెబ్బతింటారు. మీరు ఏ వరుసలో రాశారో బడి చూడదు: దూరం, అక్కాతమ్ముళ్లు అక్కడే చదువుతుండటం లాంటి ప్రమాణాలే చూస్తారు. ఒకటికి మించి బడుల్లో సీటు వచ్చేలా ఉంటే, మీరు పైన రాసినదే ఇస్తారు. రాసిన ఒక్కటీ దక్కకపోతే మిగిలిపోయిన ఏదో బడి అంటగడతారు. మధ్యలో దిగినవాళ్లకు ఏడాది పొడవునా విడి దరఖాస్తు ఉంటుంది.

అమెరికా బడిలో చేర్చడానికి ఏ కాగితాలు పట్టుకెళ్లాలి?

జనన ధ్రువపత్రం, అద్దె ఒప్పందం లేదా కరెంటు బిల్లు, పాత బడి స్టడీ సర్టిఫికెట్, మార్కుల రికార్డు, టీకాల కార్డు. బడి చిరునామాను బట్టే వస్తుంది కాబట్టి ఇల్లు వెతికేటప్పుడే అది ఏ స్కూల్ డిస్ట్రిక్టు (బడులు నడిపే స్థానిక పరిధి) కిందికి వస్తుందో చూసుకోవాలి. బడుల నిధుల్లో పెద్ద వంతు స్థానిక ఆస్తి పన్నుది. రెండు వీధుల తేడాలో బడి స్థాయి మారిపోవడం, అద్దె ఎగిరిపోవడం అందుకే.

ఎక్కువమంది ఇరుక్కునేది టీకాల దగ్గర. ఆటలమ్మ టీకా మన ప్రభుత్వ పట్టికలో లేదు, అక్కడ సాధారణంగా రెండు డోసులు అడుగుతారు. బయల్దేరేముందే వేయించి, తేదీలతో డాక్టర్ సంతకం చేయించి తీసుకెళ్లండి. బీసీజీ వేసుకున్న పిల్లలకు క్షయ చర్మ పరీక్షలో వ్యాధి లేకున్నా పాజిటివ్ రావచ్చు, రక్త పరీక్ష చేయమని అడగండి.

జీసీఎస్‌ఈ, ఎ-లెవెల్స్ మన పదో తరగతి, ఇంటరేనా?

దాదాపు. జీసీఎస్‌ఈ పదహారేళ్లకు, ఎనిమిది నుంచి పది సబ్జెక్టుల్లో. గ్రేడ్లు 9 నుంచి 1 వరకు, 9 ఉత్తమం. 4 వస్తే పాస్ కింద లెక్క, మంచి కోర్సులు 6, 7 అడుగుతాయి. ఇంగ్లిష్, గణితంలో 4 రాకపోతే పద్దెనిమిదేళ్ల దాకా ఆ సబ్జెక్టు వదలనివ్వరు. ఎ-లెవెల్స్ రెండేళ్లు, సాధారణంగా మూడే సబ్జెక్టులు, కానీ లోతు ఎక్కువ. ఈ స్థాయి సంస్థను అక్కడ ‘కాలేజ్’ అంటారు.

అమెరికా హైస్కూల్లో బోర్డు పరీక్షలు లేవా?

మన తరహావి లేవు. తొమ్మిది నుంచి పన్నెండో గ్రేడు దాకా నాలుగేళ్ల గ్రేడ్లన్నీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో, అంటే మార్కుల పత్రంలో నిలిచిపోతాయి. చివర్లో కూర్చుని చదివి గట్టెక్కుదామంటే కుదరదు, తొమ్మిదో గ్రేడులో పడ్డ దెబ్బ కూడా కనిపిస్తుంది.

## విశ్వవిద్యాలయంలో

మాస్టర్స్‌లో 65 శాతం వచ్చింది. ఇది తక్కువేనా?

బ్రిటన్‌లో 65 మంచి మార్కు. మాస్టర్స్‌లో 50 పాస్, 60 మెరిట్, 70 డిస్టింక్షన్. డిగ్రీలో 70 వస్తే ఫస్ట్, 60–69 అప్పర్ సెకండ్, 50–59 లోయర్ సెకండ్. 80 పైన మార్కులు అరుదు. ఇక్కడ 85కు అలవాటుపడ్డ పిల్లలు మొదటి సెమిస్టర్‌లో 58 చూసి కంగారుపడతారు, ఇంట్లోవాళ్లు అంతకంటే ఎక్కువ.

రెండేళ్ల మాస్టర్స్ అక్కడ ఏడాదిలో ఎలా పూర్తవుతుంది?

సెలవులు మింగేసి. మొత్తం 180 క్రెడిట్లు: రెండు సెమిస్టర్లలో 120, వేసవిలో 60 క్రెడిట్ల డిసర్టేషన్, అంటే పరిశోధన వ్యాసం. వేసవి ఖాళీ అనుకుని పూర్తికాలం పనికి ఒప్పుకున్నవాళ్లు డిసర్టేషన్ దగ్గర చతికిలపడతారు. పైగా కోర్సు నడుస్తున్న కాలం అది, వీసా పని గంటల పరిమితి అప్పుడూ వర్తిస్తుంది.

మూడేళ్ల బీఎస్సీ, బీకామ్‌తో అమెరికాలో ఎంఎస్ వస్తుందా?

కొన్నిచోట్ల వస్తుంది, కొన్నిచోట్ల పదహారేళ్ల చదువు ఉండాలంటారు. ప్రతి విశ్వవిద్యాలయం పేజీలోనూ విడిగా చూడాలి. బ్రిటన్‌లో ఎక్కువచోట్ల డిగ్రీయే మూడేళ్లు కాబట్టి ఈ పేచీ తక్కువ.

అమెరికాలో జీపీఏ (నాలుగుకు లెక్కించే సగటు గ్రేడు) 3.0 కిందకి పడిపోతే ఏమవుతుంది?

ఎంఎస్‌లో చాలాచోట్ల హెచ్చరిక దశ మొదలవుతుంది. ఒకట్రెండు సెమిస్టర్లలో పెరగకపోతే తొలగిస్తారు, దాంతో విద్యార్థి వీసా అయిన ఎఫ్-1 హోదా పోతుంది. పడిపోతున్నట్టు అనిపించగానే అడ్వైజర్‌ను కలవండి. కోర్సు మానేయాలంటే ముందు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి చెప్పాలి. చెప్పకుండా మానేసి కనీస క్రెడిట్ల కిందకి దిగితే మార్కులు బాగున్నా హోదా పోతుంది.

స్నేహితుడి అసైన్‌మెంట్ చూసి రాస్తే అంత నేరమా?

రెండు దేశాల్లోనూ అవును. రాసినవాడితోపాటు ఇచ్చినవాడికీ శిక్ష పడుతుంది. సొంత మాటల్లో రాసినా, ఆ ఆలోచన ఎక్కడిదో చెప్పకపోతే దొంగతనం కిందే లెక్క. గత సెమిస్టర్‌లో మీరే రాసిన వ్యాసాన్ని మళ్లీ ఇవ్వడం కూడా తప్పే. రికార్డు నోటు ఒకరిది ఒకరు దించుకునే అలవాటు ఇక్కడే వదిలి వెళ్లాలి.

## అక్కడ ఉంటూ ఓటు

స్టూడెంట్ వీసా మీద ఉన్నా యూకేలో ఓటు వేయొచ్చట, నిజమేనా?

నిజమే. భారత్ కామన్వెల్త్ దేశం కాబట్టి, చెల్లే వీసాతో అక్కడ నివసించే భారత పౌరులు 18 ఏళ్లు నిండితే పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేయొచ్చు. ఆన్‌లైన్‌లో పేరు, చిరునామా, పుట్టిన తేదీ, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఇచ్చి నమోదు చేసుకోవాలి. పోలింగ్‌కు 12 పనిదినాల ముందు గడువు ముగుస్తుంది. ఇంగ్లండ్‌లో పోలింగ్ కేంద్రానికి ఫొటో గుర్తింపు తప్పనిసరి, భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. పేరు జాబితాలో ఉంటే బ్యాంకులు, మొబైల్ కంపెనీలు చిరునామా సరిచూసుకునేటప్పుడు కూడా పనికొస్తుంది.

అమెరికాలో లైసెన్సు తీసుకునేటప్పుడు ఓటరుగా నమోదు చేయమంటారా అని అడిగారు. టిక్ పెట్టొచ్చా?

పౌరసత్వం లేకపోతే పెట్టకూడదు. గ్రీన్‌కార్డు ఉన్నా సరే. 1993 చట్టం ప్రకారం లైసెన్సు కార్యాలయాలే ఓటరు నమోదు చేస్తాయి. కౌంటర్ దగ్గర హడావిడిలో ‘యెస్’ నొక్కేసి, పౌరుణ్ణని చెప్పే గడి కింద సంతకం పెట్టేస్తే అది తప్పుడు పౌరసత్వ ప్రకటన అవుతుంది. పౌరులు కానివాళ్లు జాతీయ ఎన్నికల్లో ఓటు వేయడం నేరం, దేశం నుంచి పంపించే దాకా పోవచ్చు.

కోర్టులో కేసు తేల్చే పౌరుల బృందంలో కూర్చోమనే జ్యూరీ పిలుపు ఉత్తరం వచ్చినా పారేయకండి. పౌరుణ్ణి కాదన్న గడిలో టిక్ పెట్టి తిప్పి పంపితే సరిపోతుంది. పొరపాటున ఓటరుగా నమోదైపోతే ఓటు మాత్రం వేయొద్దు. కౌంటీ ఎన్నికల కార్యాలయానికి రాసి పేరు తీయించుకుని, తీసేసినట్టు వాళ్లిచ్చిన కాగితం దాచుకోండి. పౌరసత్వ దరఖాస్తులో ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా అన్న ప్రశ్న ఉంటుంది, దాన్ని నింపేముందు ఆ కాగితంతో ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవండి.